వంటింటి కోరం

లోకంలో పనికిరాని చదువులు చాలానే ఉన్నాయి గానీ, వహీదా చదివినంత పనికిరాని చదువు మటుకు ఇంకెవరూ చదివి ఉండరని ఆమె అత్తగారి గట్టి నమ్మకం. నంద్యాల ఆడపిల్లల కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పిన వహీదా, పెళ్ళికి ముందు రెండేళ్ళు హైదరాబాదు లైబ్రరీల్లో కూర్చుని ఎం.ఫిల్. చేసింది. దేని మీదయ్యా అంటే, నూట యాభై ఏళ్ళ కిందట అమెరికా పడమటి సరిహద్దుల్లో, ఇంకా రాష్ట్రాలు కూడా కాని ప్రాంతాల్లో, మొట్టమొదటి శాసనసభలు ఎలా నడిచాయన్న దాని మీద. ఆ ఊళ్ళల్లో మనవాళ్ళెవరన్నా ఉన్నారా అని అడిగింది అత్తగారు. లేరంది వహీదా. పోనీ నువ్వెప్పుడన్నా వెళ్ళావా? లేదంది. అయితే మరెందుకు చదివావని అడిగింది. ఇది మాత్రం న్యాయమైన ప్రశ్నే. 

ఎందుకా అంటే, ఆమెకి ఆ సభలంటే ప్రాణం, అంతే. మనుషుల కంటే అడవి దున్నలు ఎక్కువున్న చోట, చెక్క గదిలో, ఇరవై ముప్పై మంది పోగై, మొలకి పిస్తోళ్ళు పెట్టుకుని, రాజ్యాంగం అంటే ఏమిటో తెలియకుండానే చట్టాలు చేసేశారు. రోడ్డు లేదు, బడి లేదు, జైలుకి తలుపు లేదు. అయినా మొదట కొట్టుకున్నది మాత్రం రాజధాని ఏ ఊళ్ళో పెట్టాలన్న దాని మీద. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఓడిపోతామనుకున్న వాళ్ళు సభలోంచి లేచిపోయి, సభ సాగడానికి ఉండాల్సినంత మంది, అదే కోరం, లేకుండా చేసేవాళ్ళు. ఆఖరిరోజు గడువు దాటిపోతుంటే గోడ గడియారాన్ని ఆపేసి, టైమింకా కాలేదని ప్రమాణపూర్తిగా చెప్పుకుంటూ బిల్లులు పాస్ చేసుకున్న సభలూ ఉన్నాయట. ఈ ముచ్చట్లు చెబుతుంటే వహీదా కళ్ళు వెలిగేవి, వినేవాళ్ళ కళ్ళు మూతపడేవి.

మరి ఆమె మొగుడు వజీర్ చదివిందీ పాత చింతకాయ పచ్చడే. కోబాల్ అనే ముసలి కంప్యూటర్ భాష. తోటివాళ్ళంతా కొత్త భాషలు నేర్చుకుని ఎగిరిపోతుంటే ఇతనొక్కడూ దాన్ని పట్టుకుని వేలాడాడు. అంతలో రెండు వేల సంవత్సరం ముంచుకొస్తోందనీ, తారీఖులు తిరగబడి కంప్యూటర్లన్నీ కూలిపోతాయనీ ప్రపంచమంతా 'వై టూ కే' అంటూ గగ్గోలు పుట్టింది. ఆ ముసలి భాష వచ్చినవాళ్ళ కోసం వేట మొదలైంది. తొంభై ఎనిమిదిలో వజీర్‌ని ఆస్ట్రేలియాలోని పెర్త్ వాళ్ళు పిలిచి మరీ తీసుకుపోయారు. వీసా కాగితంలో వజీర్ పేరు పక్కన 'నిపుణుడు' అని ఉంది. వహీదా పేరు పక్కన 'ఆధారితురాలు' అని ఉంది. ఆ మాట ఆమెకి చెప్పులో రాయిలా ఉండిపోయింది.

పెర్త్‌లో దక్షిణం వైపు, కానింగ్ వేల్ దగ్గర ఇల్లు. వహీదా మసాలాలు పొట్లాలు కట్టే షెడ్డులో చేరి, జీలకర్ర సంచుల మీద లేబుళ్ళు అతికించే పనిలో కుదురుకుంది. కారు నడపడం రాదు. బస్సు గంటకొకటి, ఆదివారం అదీ దేవుడి దయ. తలా ఒక వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో కలిసినప్పుడు మాత్రం తన సభల కథలు చెప్పేది. అందరూ నవ్వి 'అసెంబ్లీ భాభి' అని పేరు పెట్టారు. పోనీలే, ఏదో ఒక పేరంటూ ఉందని ఆమె కూడా నవ్వింది.

తొంభై తొమ్మిది జూన్, జూలైల్లో, అంటే అక్కడి చలికాలంలో, పెర్త్ తెలుగువాళ్ళకి ఒక సంఘం ఉండాలని చలపతి గారికి బుద్ధి పుట్టింది. చలపతిది భీమవరం, బ్యాంకు కంప్యూటర్లలో పెద్ద ఉద్యోగం, మనిషి మంచివాడు, మైకు దొరికితే మాత్రం వదలడు. నలభై ఎనిమిది కుటుంబాలు లెక్క తేలాయి. మొదటి మీటింగులోనే గొడవ వచ్చింది. పెర్త్‌ని స్వాన్ నది రెండుగా కోస్తుంది. దక్షిణం వాళ్ళకి ఉత్తరం వేరే దేశం, ఉత్తరం వాళ్ళకి దక్షిణం అసలు లేనే లేదు. సంఘం కార్యక్రమాలన్నీ ఏ ఒడ్డున జరగాలి? దక్షిణానికి చలపతి నాయకుడు, ఉత్తరానికి కరీంనగర్ శేషాచలం నాయకుడు. సంఘానికి ఇంకా పేరు పెట్టలేదు, కుర్చీలు లేవు, బ్యానరు లేదు. ఏ ఒడ్డన్న దాని మీద మాత్రం ఇద్దరూ మెడలో నరాలు తేలేలా అరుచుకున్నారు.

వెనక వరసలో వహీదా పొట్ట పట్టుకుని నవ్వింది. నెబ్రాస్కా! అచ్చం ఆమె చదివిన నెబ్రాస్కాయే! అక్కడా ఇంతే, మధ్యలో ప్లాట్ నది, అటువాళ్ళు ఇటువాళ్ళు రాజధాని కోసం కాలర్లు పట్టుకున్నారు.

"ఇప్పుడు సూడు," అని వజీర్ చెవిలో ఊదింది. "ఓడిపోతామనుకునేటోళ్ళు లేసి పోతారు. కోరం ఉండదు."

అన్నట్టే శేషాచలం వర్గం లేచిపోయింది. రెండో మీటింగులో చలపతి వర్గం లేచిపోయింది. సంగతి విన్న వజీర్ ఆ రాత్రి పెళ్ళాం వంక జ్యోతిష్కురాలిని చూసినట్టు చూశాడు.

కానీ రెండో మీటింగులో ఇంకొకటి కూడా జరిగింది. ఆ రోజు వజీర్‌కి ఆఫీసులో టెస్టింగ్, రాలేదు. సంఘం పేరు మీద ఓటింగ్ పెడితే వహీదా చెయ్యెత్తింది. చలపతి మర్యాదగానే అన్నాడు, "అమ్మా, ఇంటికో ఓటండి. మీ ఇంటి ఓటు వజీర్ గారిదండి. ఆయన రాలేదు కదండీ మరి."

"నేనొచ్చినా కదన్నా."

"మీరొచ్చారండి, చాలా సంతోషం. రూల్‌లో కుటుంబ యజమాని అని ఉందండి."

వహీదా చెయ్యి దించేసుకుంది. నలుగురిలో ఎత్తిన చెయ్యి దించడం ఎంత బరువో ఎత్తినవాళ్ళకే తెలుస్తుంది. ఆ ఏడాది పెర్త్‌లో ఆడవాళ్ళకి ఓటొచ్చి నూరేళ్ళయిందని లైబ్రరీ నిండా బొమ్మలు పెట్టారు. ఆ మీటింగుకి కాస్త ముందే, నవంబరు మొదట్లో, ఈ దేశానికి ఇంకా ఇంగ్లండు రాణే రాణిగా కావాలా వద్దా అని జనమంతా క్యూలు కట్టి ఓట్లేస్తే, పౌరురాలు కాదు గనుక వహీదా గట్టున నిలబడి చూసింది. అది వాళ్ళ దేశం, సరే. ఇది మన సంఘం కదా, ఇక్కడ కూడా నేను లెక్కలో లేనా? మీటింగు అయిన ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు. ఈ సంఘంలో నా చేత్తో నేను ఓటు వెయ్యాలి, ఒక్కసారన్నా సరే, అని మనసులో గట్టిగా అనుకుంది.

తెల్లారి చలపతి తయారుచేసిన నియమావళి జిరాక్సు తెచ్చుకుని, ఎం.ఫిల్. చేసిన మనిషి చదివినట్టు చదివింది. నాలుగో పేజీకే గుట్టు రట్టయింది. చలపతి సొంతంగా ఏమీ రాయలేదు. హైదరాబాదులో తన ఫ్లాటున్న అపార్ట్‌మెంటు ఓనర్ల సంఘం రూల్సు తెచ్చి, కంప్యూటర్లో 'ఫ్లాటు' అన్న చోటల్లా 'కుటుంబం' అని మార్చేశాడు. వై టూ కే వీరులకి అలవాటైన పనే. అందుకే పన్నెండో రూలులో సంఘం నీళ్ళ ట్యాంకు మూణ్ణెల్లకోసారి కడగాలని ఉంది. అందుకే ఇంటికో ఓటు. ఏడో రూలు దగ్గర వహీదా వేలు ఆగింది. ఆవరణలో ఉన్న పెద్దవాళ్ళు ముప్పై మంది ఉంటే కోరం ఉన్నట్టేనట. అపార్ట్‌మెంటులో ఎవరి ఇంట్లో వాళ్ళు టీవీ చూస్తున్నా మీటింగుకి వచ్చినట్టే లెక్క కదా, అందుకు పెట్టుకున్న రూలది. ఓటుకి యజమాని కావాలి, కోరానికి మనిషైతే చాలు. వహీదా ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసింది. ఎవరికీ చెప్పలేదు.

మూడో మీటింగు నవంబరు ఇరవై ఎనిమిది, ఆదివారం, రెండు నుంచి అయిదు దాకా. అదే ఆఖరి అవకాశం. డిసెంబరు ఒకటి నుంచి కంపెనీలన్నీ సెలవులు రద్దు చేశాయి. జనవరి దాటితే సగం మంది కాంట్రాక్టులు అయిపోయి, ఎవరు సిడ్నీకో ఎవరు నంద్యాలకో దేవుడికెరుక. ఇవాళ కాకపోతే సంఘం ఇక పుట్టదు. వహీదా ఓటూ పుట్టదు.

హాలు తాళాలు రామ్‌లాల్ అంకుల్ దగ్గర ఉంటాయి. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన, వాళ్ళ నాయనమ్మ తెలుగు మాట్లాడేదట, ఈయనకి 'తిను', 'కూచో' అన్న రెండు మాటలే మిగిలాయి. మనిషి గడియారానికి పుట్టినవాడు. అయిదంటే అయిదే, పెళ్ళి జరుగుతున్నా దీపాలు ఆర్పేస్తాడని పేరు.

నాలుగ్గంటల దాకా ఉపన్యాసాలు నడిచాయి. ఓటింగ్ అనగానే శేషాచలం తల తిప్పి లెక్క పెట్టుకున్నాడు. తనవాళ్ళు పందొమ్మిది, చలపతి వాళ్ళు ఇరవై రెండు. తనవాళ్ళు నలుగురు ఆఫీసుల్లో ఇరుక్కుపోయారు.

"గిట్లయితే మేముండం!" అని లేచాడు. "నడువుండ్రి!"

పందొమ్మిది మందీ ఆవరణ దాటి, రోడ్డుకి అవతల పార్కులో పూసిన జకరాండా చెట్టు కిందికి పోయి నిలబడ్డారు. హాల్లో ఇరవై ఇద్దరు మిగిలారు. చలపతి చేతిలో, సభాపతులు బల్ల మీద కొట్టే సుత్తికి బదులు, అప్పడాల కర్ర ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేసి, తల పట్టుకుని, నియమావళి తిరగేశాడు. ఏడో రూలు దగ్గర ఆయన మొహం మతాబాలా వెలిగింది. ఒక్క ఉదుటున లేచి వంటింటి తలుపు తీశాడు.

లోపల పదకొండు మంది ఆడవాళ్ళు మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. రెండు ఒడ్ల వాళ్ళూ ఉన్నారు. వంటింట్లోకి నది రాలేదు. మూకుడు దగ్గర వహీదా, పిండి దగ్గర చలపతి భార్య విద్యావతి. చలపతి వేలు చూపిస్తూ, "ఒకటి, రెండు, మూడు..." అని లెక్కపెట్టుకుంటూ పోయి, "పదకొండు! ఇరవై రెండూ పదకొండూ ముప్పై మూడు! కోరం వచ్చేసిందండోయ్! మినిట్సు పుస్తకంలో రాసేయండి!" అని హాల్లోకి కేకేశాడు.

మూడు వారాలుగా వహీదా ఈ మాట కోసమే కాచుకుని ఉంది. జల్లిగరిటె పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అన్నా, మమ్మల్ని లెక్కలో రాసినారా?"

"రాసేశామమ్మా. ఏడో రూలు! ఆవరణలో ఉన్నారు కదా!"

"మంచిదన్నా. మరి ఓటు?"

"అదేమో ఇంటికొకటండి..."

"అంటే కోరానికి మనుషులం, ఓటుకి కాదు. అట్లయితే మేము ఈ ఆవరణలో ఉండం. మేము గూడా పార్కుకు పోతాం. కోరం లేదు. బజ్జీలూ లేవు."

చలపతి సాయం కోసం పెళ్ళాం వంక చూశాడు. విద్యావతి ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన మాటకి ఎదురుచెప్పిన మనిషి కాదు. ఇప్పుడూ చెప్పలేదు. వంగి, టిక్కుమని స్టవ్ ఆపింది. బజ్జీల బేసిను చంకనెత్తుకుంది.

"పదండే," అంది.

పదకొండు మందీ బేసిన్లతో రోడ్డు దాటుతుంటే కార్లు ఆగి దారిచ్చాయి. చెట్టు కింద పందొమ్మిది మంది ముక్కులు ముందు తిరిగాయి, తర్వాత తలలు తిరిగాయి. వహీదా రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. శేషాచలం లెక్కల మనిషి. తనకి మూడు ఓట్లు తక్కువ, ఇక్కడ పదకొండు నడిచొచ్చాయి. మనమే ముందు ఇస్తే మనకే వేస్తారు కదా!

"అసెంబ్లీ భాభీ, మేమిస్తం ఓటు! పెద్దోళ్ళందరికీ తలా ఒకటి. మేమే పెడతం తీర్మానం!" అన్నాడు, ఒక చెయ్యి బేసిను మీద వేస్తూ.

అప్పటికే రోడ్డు దాటుకుని వచ్చిన చలపతి ఆయాసపడుతూ, "ఏవండీ, అలాగెలాగండి! ముందు కోరంలోకి తీసుకున్నది మేమండి! తీర్మానం మేం పెడతాం!" అన్నాడు.

"నేను నోటితోని ముందన్న!"

"నేను మినిట్సులో ముందు రాశానండి!"

వహీదాకి నవ్వాగడం లేదు, ఏడుపూ వచ్చేలా ఉంది. వయోమింగ్! పద్ధెనిమిది వందల అరవై తొమ్మిదిలో అక్కడి మొట్టమొదటి సభ అంతా మగవాళ్ళే, అయినా ఆడవాళ్ళకి ఓటిచ్చింది. ఎందుకిచ్చారంటే, పెళ్ళాడటానికి ఆడవాళ్ళు వస్తారన్న ఆశతో కొందరు, గవర్నరుని ఇరకాటంలో పెడదామని కొందరు, వేళాకోళానికి కొందరు, నిజంగా న్యాయమని కొందరు. ఎం.ఫిల్. పరీక్షలో ఒక ప్రొఫెసరు, ఇంత తేలికగా వచ్చిన హక్కుకి విలువేమిటని అడిగితే ఆమె బిక్కమొహం వేసింది. ఇవాళైతే చెప్పేది. ఎందుకిచ్చారన్నది వాళ్ళ గోల, ఇచ్చాక అది మాది.

అందరూ బిలబిలమంటూ హాల్లోకి తిరిగొచ్చారు. గోడ గడియారం నాలుగూ యాభై రెండు చూపిస్తోంది. తీర్మానాన్ని ఇద్దరూ కలిసి ప్రతిపాదించడమని దారిలోనే రాజీ కుదిరింది గానీ, ఎవరి పేరు ముందు రాయాలన్నది కుదరలేదు. అది వాదించుకుంటే పొద్దుగూకుతుంది. వహీదా గడియారం వంక చూసి వజీర్ వంక చూసింది. పదహారు నెలలుగా ఆ కథలన్నీ విన్న మొగుడు. అతను కుర్చీ లాగి, ఎక్కి, గడియారం దించి, వెనక బ్యాటరీ ఊడబీకి జేబులో వేసుకుని, గడియారాన్ని మళ్ళీ గోడకి తగిలించాడు.

"రోజూ ఆఫీసులో చేసేది ఇదే కదా," అన్నాడు దిగుతూ. "టైం ఆపి, ఏం కూలిపోతుందో చూడటం."

నలభై మంది కంప్యూటర్ ఇంజనీర్లు చప్పట్లు కొట్టారు.

పేర్ల గొడవ చీటీ తీసి తేల్చారు. "అనుకూలమైనవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు చలపతి. చేతులు లేస్తున్నాయి. సరిగ్గా అప్పుడు తాళాల గుత్తి గలగలమంది. తలుపు దగ్గర రామ్‌లాల్ అంకుల్. గోడ మీది నాలుగూ యాభై రెండు చూశాడు. తన చేతి గడియారం చూసుకున్నాడు. మళ్ళీ గోడ చూశాడు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి, బళ్ళో దొరికిపోయిన పిల్లల్లాగా.

"వాట్స్ దిస్? ఓటింగ్?" అన్నాడు.

"ఎస్ అంకుల్," అంది వహీదా. "లేడీస్‌కి ఓటు. ఫైవ్ మినిట్స్, ప్లీజ్."

రామ్‌లాల్ తాళాల గుత్తి గుప్పిట్లో పట్టుకుని రెండడుగులు లోపలికి వేశాడు. తర్వాత మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు. ఎనభై ఏడులో, ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చేసిన ఏడాది, ఆయన రాజధాని సువాలో టాక్సీ నడిపేవాడు. పార్లమెంటు బయటే బండి ఆపుకుని ఉన్నాడు. సైనికులు లోపలికి పోయారు. సభ్యుల్ని బయటికి తీసుకుపోయారు. మిగిలినవాళ్ళని ఇళ్ళకి పొమ్మన్నారు. అందరూ పోయారు. తనూ పోయాడు.

"టుడే ఐ యామ్ నాట్ టెల్లింగ్ ఎనీబడీ గో హోమ్," అన్నాడు. తాళాలు జేబులో వేసుకుని, వెనక వరసలో కుర్చీ లాక్కున్నాడు. విద్యావతి ప్లేటులో నాలుగు బజ్జీలు పెట్టి ఇచ్చి, "తినండి," అంది. ఆ మాట వినగానే పెద్దాయన మొహమంతా నవ్వయింది.

నలభై ఒక్క చెయ్యి లేచింది. వ్యతిరేకం ఎవరూ లేరు.

ఇక రాజధాని. ఉత్తరమా, దక్షిణమా? రెండు వర్గాలూ ఆడవాళ్ళ వైపు తిరిగి అల్లుళ్ళలా నవ్వాయి. వహీదా లేచి నిలబడింది.

"మాలో కారు నడిపేటోళ్ళు ఇద్దరే. ఏ ఒడ్డున పెట్టినా మిగిలిన తొమ్మిది మందిమి మొగుడు తెస్తే వస్తాం, లేకుంటే లేదు. టౌన్‌లో రైల్వే స్టేషన్ పక్కన హాలుంది. రైలు దిగి నడిచిపోవచ్చు. మేమడిగేది అది."

ఇది వంటింట్లో పిండి కలుపుతూ పదకొండు మందీ ఎప్పుడో తేల్చుకున్న సంగతి. మగవాళ్ళెవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కదా. శేషాచలం మళ్ళీ లెక్క వేసుకున్నాడు.

"మాకు రాకున్నా మంచిదే, మీకు మాత్రం పోవద్దు," అని చలపతి వంక చూసి చెయ్యెత్తాడు, అతని వర్గం పందొమ్మిది మందీ ఎత్తారు. స్టేషన్ హాలుకి ముప్పై, దక్షిణానికి ఇరవై రెండు.

చెయ్యెత్తినప్పుడు వహీదా దాన్ని నిటారుగా, గాజులు మోచేతి దాకా జారేంత పైకి ఎత్తింది. చలపతి లెక్క పెట్టి, ఇక దించవచ్చమ్మా అన్నా వెంటనే దించలేదు. ఎదురు వరసలో దక్షిణానికి చెయ్యెత్తిన ఇరవై ఇద్దరిలో వజీర్ కూడా ఉన్నాడు.

"నాకు ఎదురేసినావా?" అన్నాడు మొగుడు, కళ్ళు పెద్దవి చేసి.

"నువ్వే నాకు ఎదురేసినావు," అంది వహీదా. ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు.

సభ్యుల పట్టికలో అంతకుముందు 'వజీర్, కుటుంబం' అని ఉండేది. చలపతి ఆ రెండో మాట కొట్టేసి, కింద గీత గీసి, పెన్ను ఆమె చేతికిచ్చాడు. ఆమె 'వహీదా' అని రాసింది. పక్కన వృత్తి అని ఒక గడి ఉంది. కాసేపు ఆలోచించి, 'చరిత్ర' అని రాసింది.

జనవరి ఒకటిన ప్రపంచంలో గడియారాలన్నీ బుద్ధిగా తిరిగాయి. విమానాలు పడలేదు, బ్యాంకులు మునగలేదు, వజీర్ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. ఆ వారమే, మీటింగు నాడు విప్పి మూలపడేసిన వజీర్ చొక్కా ఉతుకుతుంటే వహీదాకి జేబులో బ్యాటరీ దొరికింది. సిగ్గుపడి, బస్సెక్కి, హాలుకి పోయింది. గోడ మీద ఇంకా నాలుగూ యాభై రెండే.

రామ్‌లాల్ అంకుల్ బ్యాటరీ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టి వేళ్ళు మూశాడు.

"లీవ్ ఇట్, బేటీ," అన్నాడు. "బై దట్ క్లాక్, యువర్ పార్లమెంట్ ఈజ్ స్టిల్ సిట్టింగ్."

తర్వాత ఒక కుర్చీ ఆమె వైపు జరిపి, తనకు మిగిలిన రెండు తెలుగు మాటల్లో ఒకటి వాడాడు.

"కూచో."

వహీదా కూర్చుంది.